సోంబాయిగూడ డేట్‌లైన్

మూడేళ్ల కిందటి చలికాలం. గోదావరిఖని నుంచి వంతెన దాటి మందమర్రి వైపు వెళ్తుంటే కింద నది కనిపించలేదు. వంతెన మంచు మీద తేలుతున్నట్టుంది. షిఫ్టు బస్సులు లైట్లు వేసుకుని ఎదురొచ్చి, అంతలోనే మాయమవుతున్నాయి. ఓ గోండు గూడెంలో బాలింత చనిపోయిందని కబురొస్తే వెళ్తున్నాను. విలేకరిగా అడవి అంచు ఊళ్లలో ఇలాంటి చావులు ఎన్నో రాశాను. అన్నీ సింగిల్ కాలమ్‌లో ఇమిడిపోయినవే.

వార్త మొదట్లో ఊరి పేరు ఉంటుంది. దాన్ని మేం డేట్‌లైన్ అంటాం. సంగతి ఎక్కడ జరిగిందో చెప్పే మాట అది. ఆ రోజు నా కలం ఆ ఒక్క మాట దగ్గరే ఆగింది.

ఓపెన్‌కాస్ట్ గని కోసం ఊరు ఖాళీ చేసినవాళ్లు టేకు చెట్ల పక్కన గుడిసెలు వేసుకున్నారు. చనిపోయిన సోంబాయి భర్త జైతు వాకిట్లో తల వంచుకుని కూర్చున్నాడు. పసిగుడ్డు అతని తల్లి ఒడిలో నిద్రపోతోంది. కాన్పు ఇంట్లోనే అయిందట. ఆ తర్వాత రక్తం ఆగలేదు. జైతు సిగ్నల్ కోసం గుట్టెక్కి అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు.

“ఏ ఊరని అడిగిండ్రు సార్. నా నోట్ల ఇప్పగూడ అనే వచ్చింది.”

ఇప్పగూడ వాళ్ల పాత ఊరు. బండి అక్కడికే పోయింది. రోడ్డు ముళ్లకంచె దగ్గర తెగిపోయింది. కంచె అవతల గని. చుట్టు తిరిగి దారి వెతుక్కుంటూ వచ్చేసరికి సోంబాయి లేదు.

“ఇప్పుడు గీ ఊరి పేరేంది అవ్వా?” అని జైతు తల్లిని అడిగాను.

“ఇప్పగూడనే.”

“అది లేదు గదా?”

“ఊరే లేకుంటె నేనెక్కడిదాన్ని బిడ్డా? రా, చూపెడ్త.”

పసిబిడ్డను కొడుకు చేతికిచ్చి, నన్ను వెనకాల మట్టిదిబ్బ ఎక్కించింది. గని నిండా మంచు. అడుగున యంత్రాలు నిద్రలో మూలుగుతున్నట్టు వినిపిస్తున్నాయి. ఆ తెల్లదనం మీదుగా ఓ కొంగ మెల్లగా ఎగురుతోంది.

“గా కొంగ ఉన్న కాడ మా ఇల్లు. గింత ఇవతల ఇప్పచెట్టు. సోంబాయి పెండ్లి దాని కిందనే అయింది.”

ఆమె వేలు చూపిన గాలిలో నాకూ ఒక వాకిలి కనిపించింది. అలికిన మట్టి వాసన వచ్చినట్టే అనిపించింది.

“అవ్వా!” అని వెనక నుంచి మోతుబాయి పిలిచింది. జైతు చెల్లెలు. ఏడో నెల, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. “రేపు నాకు నొప్పులొస్తె గా కొంగకే ఫోన్ చెయ్యమంటవా?”

కిందికి దిగాం. అంతలో ఎలాగో సిగ్నల్ అంది, డెస్క్ నుంచి ఫోన్: “డేట్‌లైన్ ఏం పెట్టాలె అన్నా?”

“ఆగు తమ్మీ, లైన్ల ఉండు.”

చాలా గోండు గూడేలకు ముందుగా జాగా పట్టిన ఊరి పెద్ద, పటేలు పేరే ఉంటుంది. ఇక్కడి పటేలు ఎవరని అడిగాను.

“ఆయన మంచిర్యాల పాయె. గీడికి రానే రాలె,” అంది మోతుబాయి. “ఆయన పేరు పెట్టుకుంటె బండి గూడ మంచిర్యాలకే పోతది.”

అవ్వ గుడిసెల వెనక పచ్చిగా ఉన్న మట్టికుప్పను చూపించింది. “గీ మట్టిల ముందుగాల కలిసింది నా కోడలు,” అంది. “జాగ పట్టింది గదే.”

ఆ పొద్దున జైతు మొదటిసారి తలెత్తాడు. “రాయి సార్. సోంబాయిగూడ.”

“గసొంటి ఊరు మ్యాపుల లేదన్నా,” అన్నాడు డెస్క్ తమ్ముడు.

“రేపు పేపర్ల ఉంటది. పెట్టు.”

ఆ వార్త కత్తిరించుకుని జైతు దవాఖానలో, అంబులెన్స్ డ్రైవర్లకు చూపించి వచ్చాడు. రోడ్డు మలుపులో ఒక చెక్క పాతి, దాని మీద సున్నంతో ఊరి పేరు రాశాడు.

మోదుగులు పూసినప్పుడు దవాఖాన నుంచి మోతుబాయి ఫోన్ చేసింది.

“పోరి పుట్టింది అన్నా! బండి సీదా మా గుడిసె ముంగట్నే ఆగింది. దార్ల డ్రైవరన్న అడిగిండు, సోంబాయి ఎవరమ్మా, మీ ఊరి పెద్దనా అని.”

“ఏమన్నవ్?”

“అవు, పెద్దనే అన్న.”

తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారన్నది వార్త కాదు గనక అది ఎక్కడా అచ్చు కాలేదు. డేట్‌లైన్ జరిగిపోయినదాని చోటు చెబుతుందని మా సీనియర్లు నేర్పారు. రావలసిన బండికి దారి కూడా అదే చెబుతుందని నేర్పింది సోంబాయిగూడ.