గాలి చూసే ప్రకాశం

తెగిన చెప్పుకు కొత్త తోలుపట్టీ వేయించుకుని వచ్చి, గుమ్మం పక్కన జత విడిచి, ఛాతీ పట్టేసినట్టుందని ప్రకాశం మంచమ్మీద వాలాడు. మళ్లీ లేవలేదు. రాయచోటి వైపు పల్లె నుంచి అక్క జీవమ్మ కడపకు చేరేసరికి శవపెట్టెకు మేకులు కొడుతున్నారు. మూడేళ్లుగా తమ్ముడితో మాట లేదు ఆమెకు.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. మిషన్ బడిలో చదివి అతను కడపలో వాతావరణం ఆఫీసులో చేరాడు. రోజూ పొద్దున రబ్బరు బుడగలో గ్యాసు నింపి వదిలి, అది కనుమరుగయ్యేదాకా దుర్భిణిలో చూస్తూ, నిమిషానికోసారి కోణం చదివి రాసేవాడు. ఆ అంకెలు తంతిలో పైఆఫీసుకు వెళ్లేవి. తూర్పు సముద్రంలో పుట్టిన గాలివాన ఎటు తిరుగుతుందో వాటితో తేలుస్తారట. ఊళ్లో అతన్ని గాలిదొర అనేవాళ్లు. కాదనేవాడు కాదు.

నలభై మూడు నవంబరులో జీవమ్మ వేరుశనగ చెట్లు పీకించి చేలో ఆరేసింది. తూర్పున మబ్బు కమ్ముతూ విడిపోతూ ఉంది. కుప్పగా వామి వేస్తే పచ్చికాయ బూజు పడుతుంది. వదిలేస్తే వాన భయం. ఏడాది తిండి అదే. బస్సెక్కి కడపకు పోయింది.

"సముద్రంలో ఏమన్నా లేసిందా, నాయనా?"

"అది చెప్పకూడదక్కా. యుద్ధం గదా. నోరిప్పితే జైల్లో ఏస్తారు."

"నేనేమన్నా జపానోళ్లకు చెప్తాండానా? నా శనిక్కాయలకు చెప్పుకుంటా."

ప్రకాశం నవ్వాడు, అంతే. ముప్పే ఉంటే జైలుకైనా వెరవక తనకు చెప్పడా అనుకుంది జీవమ్మ. ఆ ధైర్యంతోనే చెట్లను అట్లాగే వదిలేసింది. మర్నాడు సాయంత్రం పట్టిన వాన మూడు రోజులు వదల్లేదు. కాయలు చెట్టుకే మొలకెత్తాయి.

క్రిస్మస్‌కు అతను చీర తెచ్చాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"తెలిసీ నోరు మూసుకున్న్యావు గదప్పా," అంది.

ప్రకాశం తల వంచుకుని చీరను మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కూడు పెట్టేది గాని పలకరించేది కాదు. తనను పెంచిన చేతులకే ఇట్లా చేశాడని చర్చిలో ప్రార్థనకు కూడా కళ్లు మూసుకోలేకపోయేది.

మట్టి వేసి వచ్చాక, అతనితో కలిసి బుడగలు వదిలిన గిడ్డయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ వాన సంగతి జీవమ్మే తీసింది. అంకెలు ఈడనుంచి పోవడమే గాని, గాలివాన ఎటొస్తుందో పైనుంచి తమకు చెప్పేవాళ్లు కాదన్నాడు గిడ్డయ్య.

"మాకేం తెల్సమ్మా? ఆ వాన పట్టిన పొద్దు మీ తమ్ముడు గుడ్డలన్నీ ఉతికి మిద్దె మీద ఆరేసి ఆఫీసుకొచ్చినాడు. ఒక్కటి మిగల్లే, అన్నీ తడిసిపాయ. మర్నాడు నా పంచె కట్టుకుని డ్యూటీ చేసినాడు."