పక్కలా పరుచుకునే సీటు

మా పై వాటాలో ఉండే రంగుల దుకాణం గుమాస్తాను అందరూ పాయింట్ల మామయ్య అనేవారు. ఎవరింట్లో ఫ్రిజ్ చెడిపోయినా పరామర్శ కంటే ముందు ఆయన క్రెడిట్ కార్డు వచ్చేది. కొత్తది ఆ కార్డు మీద కొనిపెట్టి, సొమ్ము వాళ్ళ దగ్గర పుచ్చుకుని, బ్యాంకు ఇచ్చే పాయింట్లు మాత్రం తాను మిగుల్చుకునేవాడు. ఇందులో మోసమూ లేదు, వడ్డీ లేదు.

ఆ పాయింట్లు బ్యాంకులో ఉన్నంతకాలం టికెట్ల కోసం ఏ విమాన సంస్థకైనా మళ్ళించుకోవచ్చు. ఒకసారి మళ్ళిస్తే వెనక్కి రావు. ఈ మర్మాన్ని నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి బోధించింది ఆయనే. జీవితమంతా పాఠాలు చెప్పినవాణ్ణి, అంత బుద్ధిగా విన్న పాఠం మరొకటి లేదు.

కూడబెట్టింది భార్య కోసం. ఆవిడ దర్జీ; మిషను ముందు వంగి వంగి నడుము పోగొట్టుకుంది. తల్లి లేని ఆవిడను పెంచిన అక్క సముద్రాలకు అవతల ఉండేది. అక్కను చూడాలన్నది ఆవిడ కోరిక. పక్కలా పరుచుకునే ఖరీదైన సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాలన్నది ఆయన పంతం.

మామూలు సీట్లకు సరిపడా పాయింట్లు ఏనాడో పోగయ్యాయి. కూర్చునే వస్తాను, మధ్యమధ్య లేచి నడుస్తాను అని ఆవిడ అంటే, ఆ సీట్లకు వాడితే పాయింటు విలువ సగానికి పడిపోతుందని లెక్క చెప్పి, వచ్చే ఏడు వెళ్తాం అనేవాడు. మన భాషలో భవిష్యత్తుకూ అలవాటుకూ ఒకే క్రియారూపం చాలు: రేపు వెళ్తాం, రోజూ వెళ్తాం. భాషలోని ఆ పొదుపుకు ఒకప్పుడు మురిసిపోయేవాణ్ణి. ఆ ఇల్లు చూశాక అంత మురిపెం లేదు.

చివరికి ఒక విమాన సంస్థ, ఈ నెలలో మళ్ళించినవారికి మూడో వంతు అదనం అని ప్రకటించింది. ముందు సీటు చూసుకో, ఆ తర్వాతే మళ్ళించు అని ఊరందరికీ చెప్పే మనిషి, సీటు చూడకుండానే ఉన్నదంతా మళ్ళించేశాడు. తీరా చూస్తే, అక్క ఉన్న ఊరికి ఆ సంస్థ పాయింట్లకిచ్చే సీటు ఒక్కటీ ఖాళీ లేదు.

అదే వారంలో కబురొచ్చింది. అక్క ఆస్పత్రిలో ఉంది, ఎన్నాళ్ళో చెప్పలేమన్నారట. వేరే విమానంలో డబ్బిచ్చి కొనుక్కునే టికెట్లు ఉన్నాయి.

"నా కుట్టు డబ్బులున్నాయి, కొనెయ్యండి" అంది ఆవిడ.

"రెండ్రోజులు ఆగవే. చివర్లో మిగిలిన సీట్లు పాయింట్లకు వదుల్తారు. ఊరికే వచ్చేదానికి డబ్బు పోస్తామా?"

"మీ 'ఊరికే' నాకు మొదట్నుంచీ ఖరీదే."

అంది గాని ఆగింది. ఆయన లెక్క ఏనాడూ తప్పలేదు మరి. రెండో రోజు సాయంత్రం అక్క పోయింది. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! ఆ విషం తాగేది ఆలస్యం చేసినవాడు కాకపోవచ్చునని మాత్రం ఏనాడూ చెప్పలేదు.

నెల తిరక్కముందే పాయింట్లకిచ్చే సీట్లు ఖాళీ అయ్యాయి. చొక్కా కాలరు తిప్పించుకోవడానికి నేను అక్కడే ఉన్నాను. ఆయన ఫోను పట్టుకుని మిషను దగ్గరికి వచ్చాడు.

"దొరికాయే. పక్కపక్కనే రెండు."

ఆవిడ మిషను ఆపలేదు. "అక్కడ నాకెవరున్నారండీ?"

పోనీ ఇంకెక్కడికైనా అనబోయాడు కాబోలు, అంతలోనే ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ వెళ్తానని అడిగింది ఆ ఒక్క చోటికే.