ఇంటి ముందు నాటిన చెరువు రాయి

నిన్న సర్వేవాళ్లు వచ్చి ఎల్బీనగర్‌లో మా ఇంటి గేటు ముందు ఒక రాయి నాటి పోయారు. మా ఇంటి వెనకున్న చెరువు నిండితే నీళ్లు అక్కడిదాకా వస్తాయట. రాయికి ఇవతల ఇళ్లు ఉండకూడదట. మా ఇల్లు ఇవతలే ఉంది. రిజిస్ట్రేషన్ నాడు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఈ రోజు తెలంగాణ బంద్. గల్లీలో మగవాళ్లందరూ ఇళ్లలోనే ఉన్నారు. రేపు ఆఫీసులు తెరిచేలోపే రాయి పీకేద్దామనుకున్నాం. తప్పని తెలుసు. ఇంకేం చేయాలో తోచలేదు. పక్కింటి గుంటూరు రావుగారు గడ్డపార తెచ్చారు. నేను బయటికి వచ్చేసరికి రాయికి పసుపు, కుంకుమ, పక్కన కొట్టిన కొబ్బరికాయ. మా ఆవిడ హారతి ఇస్తోంది.

"అది దేవుడు కాదండీ అక్కయ్యగారూ, చెరువు హద్దు," అన్నారు రావుగారు.

"ఏదైతేంది తమ్మీ? వాకిట్ల రాయి నాటినంక బొట్టు పెట్టకుంట ఎట్లుంచుతం? మా ఇల్లు కూలగొట్టకు తల్లీ అని మొక్కిన. జర నువ్వు గూడ మొక్కు."

ఆయన గడ్డపార మా గోడకు ఆనించి, చెప్పులు విడిచి మొక్కారు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. పీకుదామన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. నాకూ చేతులు రాలేదు.

ఇప్పుడు రాయి దగ్గర దీపం వెలుగుతోంది. గడ్డపార గోడకే ఉంది. బొట్టు పెట్టిన రాయిని మీ దిక్కు ఎవరైనా పీకారా? పాపం తగలకుండా ఎట్లా పీకారో జర చెప్పండి. తెల్లారేదాకా మేలుకొనే ఉంటాను.