చూశాను

ఆఫీసులో మా తమ్ముణ్ణి అందరూ డేగకళ్ళు అనేవారు. ఆ కళ్ళకు మొదటి ఉద్యోగం ఇచ్చింది మాత్రం నేనే. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి వాణ్ణి పెంచాను. సూదిలో దారం ఎక్కించే పని వాడిది. ఒక్కసారికే ఎక్కించి, "అక్కా, నీవి కళ్ళా, గుండీలా?" అని ఏడిపించేవాడు.

ఆ కళ్ళతోనే పైకొచ్చాడు. గుమాస్తాగా చేరి, ప్రతి కాగితం చివరిదాకా చదివి, కింద "చూశాను" అని రాసి సంతకం పెట్టేవాడు. వాడు చూశాడంటే ఇక తిరుగులేదు. ఇరవై ఏళ్ళలో ఆ కంపెనీకే పెద్ద అయ్యాడు. తప్పు వదిలేసినవాళ్ళను, "కళ్ళు పోయాయా?" అని నిలబెట్టి కడిగేసేవాడు.

తర్వాత కేసు పడింది. గోదాముల్లో లేని సరుకు ఉన్నట్టు రాసి బ్యాంకులను మోసం చేశారట. రాసిన ఇద్దరూ పరారు. ప్రతి కాగితం మీదా వీడి "చూశాను" ఉంది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఇరుగుపొరుగు. వాళ్ళ నోళ్ళు పడిపోను!

బెయిలు మీద మా ఇంటికొచ్చాడు. కోర్టుకు వేసుకునే చొక్కాకు గుండీ ఊడింది. అలవాటుగా సూదీ దారం చేతికిచ్చాను. దారం సూది పక్కనుంచి పోతోంది. మళ్ళీ అంతే, మళ్ళీ అంతే.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"నాలుగేళ్ళు. అంతా మసకే. ఇక బాగుపడదన్నాడు డాక్టరు."

"మరి ఆ సంతకాలు?"

"చూశాను అని రాయడానికి కళ్ళెందుకక్కా, చెయ్యి చాలు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రేపు జడ్జిగారికి ఆ మాటే చెప్పరా. దొంగ అనరు కదా!"

వాడు నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు. "కళ్ళు పోయాయా అని ఎంతమందిని ఇంటికి పంపానో నీకు తెలీదు. దొంగ అంటే పడతాను. ఆ మాట మాత్రం పడలేను. నువ్వు నోరు విప్పితే నా మీద ఒట్టే."

మర్నాడు కోర్టులో వాడి వెనక బెంచీలో కూర్చున్నాను. కాగితం ఒకటి చేతికిచ్చి, "ఇది మీరు చూశారా?" అని అడిగారు. వాడు మొహానికి దగ్గరగా పెట్టుకుని, చదువుతున్నట్టు నిదానంగా తల ఆడించాడు.

"చూశానండీ."

ఎదుటివాళ్ళకు కనిపించేది కాగితం వీపే. నాకు మాత్రం పైన ఉండాల్సిన కంపెనీ ముద్ర అడుగున కనిపించింది. కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు నా తమ్ముడు.

ఏడేళ్ళు వేశారు. ఒట్టు తీసి గట్టున పెట్టి అరవాల్సింది. గయ్యాళినని అందరూ అనే నేను, ఆ ఒక్కరోజూ నోరు మూసుకుని కూర్చున్నాను.