తులసి కంప్యూటరు, కాసమ్మ పున్నమి

పొద్దున లేవగానే తులసి చేసే మొదటి పని కంప్యూటరు మీద కప్పిన పాత చీర తీసి దులపడం. మార్కండిలో వాళ్ళ ఇంటి వెనకే సముద్రం. తెల్లారేసరికి అన్నిటి మీదా సన్నటి ఉప్పు పొర దిగి ఉంటుంది. పొడిగుడ్డతో కీబోర్డు మీద ఒక్కో మీటా తుడిచాకే మొహం కడుక్కుంటుంది.

ఆ కంప్యూటరు మీదే ఆమె ఊళ్ళో పడవల లైసెన్సులు రెన్యూవల్ చేస్తుంది. అంతకుముందు మగవాళ్ళు వేట మానుకుని ఛత్రపురం ఆఫీసు చుట్టూ తిరిగేవారు. బరంపురంలో బి.ఎ. చదివిన తులసి నమ్మండని అడగలేదు, ఒక్కొక్కరే కాగితాలు తెచ్చి ఇచ్చారు.

ఈసారి వంతు సొంత అన్న అప్పలరాజు పడవది. గడువు శనివారం. బుధవారం నాడు లైసెన్సుల సైటు తెరవబోతే ఎర్రగుర్తు వచ్చింది, ఈ సైటు నమ్మదగింది కాదని. బ్యాంకు సైటూ అంతే. సినిమా పాటలు మాత్రం హాయిగా మోగుతున్నాయి. డబ్బా ఆపి మళ్ళీ వేసింది. ఫోన్లోని నెట్ కలిపి చూసింది. అయినా తెరుచుకునేవే తెరుచుకున్నాయి, మొరాయించేవి మొరాయించాయి.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే లైను బాగానే ఉంది, లోపం మీ మెషీన్లోనే అన్నారు. ఆఫీసులో అడిగితే జిల్లా అంతా తెరుచుకునే సైటు మీ ఒక్కరికే తెరుచుకోదా అన్నారు. అప్పలరాజు కాగితాలు కవర్లో పెట్టుకుని, శుక్రవారం బరంపురం నెట్ సెంటరుకి వెళ్తానన్నాడు. సొంత అన్నే బయట చేయించుకుంటే రేపు తన గడప ఎవరు తొక్కుతారు?

గురువారం సీపీయూని ఆటోలో బరంపురం తీసుకెళ్ళింది. రిపేరు షాపు అమిత్ అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించాడు. అక్కడ అన్నీ తెరుచుకున్నాయి. చేపలు ఎండేసే ఇంట్లో కంప్యూటరెందుకు, ఉప్పుగాలి తినేస్తోంది అని పదిమంది ముందు నవ్వాడు. తులసి సీపీయూ ఎత్తుకుని వచ్చేసింది. ఆటోలో దారంతా ఉడికిపోయింది. ఉప్పుకి కళ్ళుంటాయా? పాటల్ని వదిలేసి పడవ లైసెన్సునే ఏరి ఏరి తింటుందా?

సాయంత్రం ఇంట్లోనూ బాగానే పనిచేసింది. కాగితాలు వేటకి వెళ్ళిన అన్న దగ్గరే ఉండడంతో అప్లికేషను పొద్దున పెడదామనుకుంది. అమ్మ కాసమ్మ కంప్యూటర్లో చూసుకునే తిథుల పంచాంగం చెరిగిపోతే, అదీ మళ్ళీ ఎక్కించింది. చదువు రాకపోయినా అందులో చందమామ బొమ్మ చూసి కాసమ్మ తిథి చెప్పేస్తుంది.

శుక్రవారం పొద్దున చీర తీసి, తుడిచి, సైటు తెరిచింది. మళ్ళీ ఎర్రగుర్తు.

కోపంతో సైటు మూసేస్తుంటే ఆమె చూపు పంచాంగం మీద పడింది. నిండు పున్నమి. నిన్ననే కదా అమావాస్య! నిన్నటి పోటుకి నీళ్ళు ఇసక మీదకి వచ్చేస్తే, ఎండేసిన నెత్తళ్ళ చేపల్ని అమ్మా తనూ కలిసి పైకి లాగారు. తేదీ తెరిచి చూస్తే కంప్యూటరు నెలన్నర ముందుంది. తెర మూలన టైము మాత్రం సరిగ్గానే ఉండడంతో ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు.

ప్రతి సైటుకీ నమ్మకం కాగితం ఒకటి ఉంటుంది, దానికో గడువు తేదీ ఉంటుంది. ఈ నెలన్నరలో గడువు తీరబోయేవన్నీ ఇప్పుడే తీరిపోయాయని కంప్యూటరు అనుకుంది. మిగతావాటిని వదిలేసింది. అమిత్ మళ్ళీ ఎక్కించినప్పుడు తేదీ దానంతటదే సర్దుకోవడంతో అక్కడ అన్నీ తెరుచుకున్నాయి.

తేదీ సరిచేసింది. సైటు తెరుచుకుంది.

"అమ్మా, ఈ తేదీ నువ్వు ముట్టుకున్నావా?"

వాకిట్లో బుట్ట సర్దుతున్న కాసమ్మ తలెత్తలేదు. "ముట్టుకోక? పై నెల ఏ రోజుల్లో సరుకిస్తావని సికిటి ఊరి సావుకారు అడిగాడు. పున్నమికీ అమాసకీ ఇసక మునిగిపోతాది, ఎక్కడ ఎండెయ్యాలి? నీ డబ్బా ఏనాటి సందమామ ఆనాడే సూపిస్తాది. తేదీ జరిపితే ముందువి కనిపిస్తాయని అప్పలరాజు కూతురు రింకి నేర్పింది. మంగళారం ఓసారి సూసేను, రోజులు మర్సిపోయి రాత్రి మళ్ళీ జరిపేను."

"మళ్ళీ ఎనక్కి జరపొద్దా?"

"ఏటికి? పున్నమి సూసేసేను. ఇంక దాంతో నాకేటి పని?"

తులసికి అరవాలనిపించింది. కానీ అమ్మ మీద కోపం నిలవలేదు. మూడు రోజుల్లో ముగ్గురు తన మెషీన్నీ, తననీ, చేపల ఇంటినీ తప్పుపట్టారు. మీ మెషీన్లో తేదీ ఎంతుంది అని ఒక్కరూ అడగలేదు.

ఫోన్ తీసింది. "అమిత్ గారూ, మా ఉప్పుగాలి ఏమీ తినలేదు. తేదీ తప్పుంది. ఈసారి నవ్వేముందు అది చూడండి." అవతల మాట వినకుండానే పెట్టేసింది.

"సేపలోల్ల ఇంట్లో కంప్యూటరెందుకన్నాడంట కదా," అంది కాసమ్మ. "ఆళ్ళమ్మ ఈ వారం నెత్తళ్ళకి నా దగ్గరికే వస్తాది. అప్పుడు సెప్తాను."

అప్పలరాజు బండి తీస్తున్నాడు. తులసి ఎదురెళ్ళి అతని చేతిలోంచి కవరు లాక్కుంది. పది గంటలకల్లా అప్లికేషను వెళ్ళిపోయింది.

ఇప్పుడు మార్కండిలో అన్న పడవతో కలిపి ముప్ఫై ఒక్క పడవల కాగితాలు తులసి దగ్గరే ఉన్నాయి.