ఎత్తు బంగారానికి కార్డు

మా తమ్ముడి బెల్లం దుకాణంలో గల్లా మీద జిరాక్స్ కాగితాల కట్ట ఒకటి ఉంది. పక్కన పెడదామని పట్టుకుంటే వేళ్ళకు అంటుకుంది, బెల్లం జిగురు. వాసన చూస్తే మహబూబాబాద్‌లో మేము పుట్టి పెరిగిన ఇల్లంతా అందులో ఉంది గానీ, చదివితే అన్నీ ఆధార్ కార్డులే. బెల్లానికి ఆధార్ ఏమిటని నన్నడగకండి. మేడారం జాతర పేరు చెప్పి కొన్న బెల్లం గుడుంబా సారా బట్టీలకు పోతోందట, అందుకని కొన్నవాళ్ళ కార్డూ ఫోన్ నంబరూ రాసిపెట్టుకోవాలట. గుడుంబా కాచేవాడు కార్డు పట్టుకుని వరసలో నిలబడతాడా? ఈ మాట తమ్ముడితో నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లూ వాడు తల గోక్కున్నాడు.

మా చిన్నతనంలో రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మల జాతర దగ్గరపడుతోందనగా, బెల్లాన్ని బెల్లం అంటే బాపమ్మ నెత్తిన మొట్టేది. అమ్మవార్లకు మొక్కాక అది బంగారం, అంతే. వసారా అంతా చాపలు పరిచి, ముద్దల మీద ముద్దలు పేర్చి, గోనెపట్టాలు కప్పితే, వాటి కింద నుంచి వచ్చే వెచ్చటి తీపి వాసనకు ఈగలు, గండుచీమలు, గల్లీ పిల్లలం అందరం ఒక్కసారే దిగేవాళ్ళం. దూలానికి వేలాడదీసిన పెద్ద కాంటాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బాపమ్మ కొబ్బరికాయ కొడితే గానీ బాపు తూకం మొదలుపెట్టేవాడు కాదు. ఒక పళ్ళెంలో మనిషి, ఇంకో పళ్ళెంలో మనిషెత్తు బంగారం. గుబురు మీసాల పెద్దమనుషులు గొలుసులు పట్టుకుని బిక్కమొహాలతో గాల్లోకి లేస్తుంటే మేము అరుగు మీద పడి నవ్వేవాళ్ళం. భూపాలపల్లి బొగ్గుబావుల నుంచి వచ్చిన ఒకాయన తనతోపాటు మేకపోతునూ ఎక్కిస్తానని పట్టుబడితే, అది కాస్తా బాపు ధోవతి కొస నమిలేసింది.

గిరాకీ తగ్గాక మా వంతు. ఎక్కువ తూగాలని సర్వపిండి కడుపు పగిలేలా తినేవాళ్ళం. అదీ చాలక నేనొకసారి లంగా ఒడిలో కంకరరాళ్ళు దాచుకుని ఎక్కాను. బాపు ఒడి దులిపించి, "రాళ్ళకు గూడ మొక్కినవా బిడ్డా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ కాంటాను ఇప్పుడు జనగామలో ఎవరో హోటల్ గోడకు అలంకారంగా బిగించుకున్నారు. తమ్ముడి దగ్గర కరెంటు కాంటా ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మా మేనకోడలు బాత్‌రూంలో బరువు చూసుకుని, అందులో మూడు కిలోలు తీసేసి ఫోన్లో చెబుతుంది. అదేమంటే, "డైటింగ్‌ల ఉన్న అత్తా, జాతర నాటికి గంత ఉండ" అంటుంది. కార్డు ఫోటో పంపింది, పని అయిపోయింది. కాలం మారింది, సరే, దాన్ని కూడా మింగాను.

కానీ మొన్నటి జాతరప్పుడు గంగారం వైపు నుంచి ఒక కోయ ముసలమ్మ నాలుగేళ్ళ మనుమరాలితో వచ్చింది. "పోయిన జాతరప్పుడు పిల్లకు జరమొచ్చి కండ్లు తేలేస్తే మొక్కిన సేటూ. బతికింది" అంది. పిల్ల కాంటా మీద బొమ్మలా నిలబడింది. తమ్ముడు సరిపడా ముద్దలు తూచి పెట్టి, కార్డూ ఫోన్ నంబరూ అడిగాడు.

"ఫోన్ లేదు, కార్డు ఇంటికాడున్నది. బంగారం అమ్మోరికి గదా, నాకా?"

"రూలు గట్లున్నది అవ్వా, నేనేం చేస్త? రేపు తెచ్చుకో."

"రేపు తల్లి గద్దెకొస్తది. ఇంటికి వోయి ఎప్పుడొస్త?"

నాకు ఒళ్ళు మండింది. ఆ సమ్మక్క తల్లి కోయవాళ్ళ ఇంటి ఆడబిడ్డ. వాళ్ళ ఆడబిడ్డకు వాళ్ళు బంగారం పెట్టుకుంటామంటే బజార్లో దుకాణం పెట్టుకున్న మేము గుర్తింపు అడుగుతున్నాం! సంచిలోంచి నా కార్డు తీసి గల్లా మీద కొట్టాను, నా పేరు రాసుకోమని. ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నీ పేరు మీద రాస్తే మొక్కు నీదైతది. నా మనుమరాలిది గట్లనే ఉంటది."

అది ఉత్త కాగితమే అన్నాను. "ఉత్తదైతే ఎందుకు రాస్తున్రు?" అంది. పిల్లను చంకనేసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

పిల్లెత్తు బంగారం అక్కడే ఉండిపోయింది. కాసేపు తమ్ముడిని తిట్టి, ఆ రూలు పెట్టినవాళ్ళను తిట్టి, చివరికి నాకొక ఆలోచన తట్టింది. పక్కింటివాళ్ళ జీపు మేడారం పోతోంది. కాగితం మీద నా పేరే ఉండనీ, గద్దె దగ్గర పిల్ల పేరు చెప్పి వెయ్యమందాం. తమ్ముడు ముద్దలు సంచిలో మూట గట్టి, పైన రాయడానికి పెన్ను తీసి అడిగాడు.

"పిల్ల పేరేంది అక్కా?"

కార్డు అడిగాం. ఫోన్ నంబరు అడిగాం. పేరు అడగలేదు. చెప్పులేసుకోకుండానే బస్టాండుకు పరుగెత్తాను. గంగారం బస్సు వెళ్ళిపోయింది.