ఆ చెంచా నాది

ఏప్రిల్ మధ్యాహ్నం. మంచు కొండల పోస్టు నుంచి దించి, నన్ను స్ట్రెచర్ మీద చెన్నై సైనిక ఆసుపత్రి సర్జికల్ వార్డులో చేర్చారు. ఉక్కపోత. కిటికీ పక్క ఇనుప మంచం. నా సామాను: పైజామా, స్టీలు గ్లాసు, ముక్కులో గొట్టం.

కడుపులో పుండు. ఏళ్ళ తరబడి మాత్రలు మింగాను. పుండు మాని, మళ్ళీ రేగి, చివరికి మచ్చ కట్టి జీర్ణాశయం దారి మూసేసింది. తిన్నదంతా సాయంత్రానికి వాంతి. మేజర్ డాక్టరు ఆమ్లం ఊరించే నరం కోసి, జీర్ణాశయానికి పేగును కలిపి కొత్త దారి పెట్టారు.

అదే రోజు పక్క మంచం డ్రైవరుకూ అదే ఆపరేషన్. తొండియార్‌పేట తెలుగువాడు. నేను హవల్దారును, అతను ర్యాంకులో నాకు కింద. అతని చుట్టూ ఎప్పుడూ అక్కలు, వదినలు, నవ్వులు. నా కోసం ఎవరూ రాలేదు.

ఉత్తర్వు ఒకటే. కింది నుంచి గాలి పోయేదాకా చుక్క నీరు లేదు. పోతే పేగు కదిలినట్టు. అందాకా పెదవులకు తడి దూది.

ఒకప్పుడు ఏనుగుల మీద ఊరేగిన వంశం మాది. ఇప్పుడు ఇంటిపేరే మిగిలింది. గాలి పోయిందనే మాట మా ఇంట్లో పలకరు.

నాలుగో రోజు ఉదయం నా దుప్పటి కింద చప్పుడైంది. వార్డంతా విన్నది.

"ఎవరు?" సిస్టర్ సంతోషంగా అడిగింది.

నేను పైకప్పు చూశాను.

"నేనే సిస్టర్!" అన్నాడు డ్రైవరు. "ఈడ ఇంకెవరుండారు? నీళ్ళు తే మా!"

చప్పట్లు. అతను నా వైపు తిరిగి గొణిగాడు: "ఏం సాబ్, మీరెట్లా ఒప్పుకోరు. వేస్టుగా పోతాదని నేను తీసుకుంటిని."

మొదటి చెంచా. అతని గొంతు కదిలింది. కళ్ళు మూసుకున్నాడు. రెండో చెంచా. నా నాలుక అట్టలా ఉంది. మా భూములు ఎవరెవరో దున్నుకుంటున్నా మా నాన్న నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. మూడో చెంచా దగ్గర ఆగలేకపోయాను.

"అది నాది," అన్నాను, పెరేడ్ గొంతుతో.

డ్రైవరు నవ్వబోయి కుట్లు పట్టుకున్నాడు. "అయ్యయ్యో, సాబ్ దీనికీ దావా వేసినాడు పా!"

మేజర్ వచ్చి ఇద్దరి కడుపుల మీదా స్టెతస్కోప్ పెట్టారు. డ్రైవరు దగ్గర చాలాసేపు విన్నారు. నవ్వలేదు.

"ఇతనికి ఆపండి. హవల్దారుకు మొదలుపెట్టండి."

అతని పేగు మర్నాడు కదిలింది. ఇద్దరమూ కోలుకున్నాం. నెలాఖరుకు ఇల్లు చేరాను. పోస్టుకు మళ్ళీ పంపలేదు. ఇప్పుడు కారంతో సహా అన్నీ తింటున్నాను.

కాని నీళ్ళు తాగబోతే ఆ పక్క మంచం కనిపిస్తుంది. డ్రైవరు పక్కకు ఒత్తిగిలి నా చెంచానే చూస్తున్నాడు. నోరు కొంచెం తెరిచి ఉంది. నేను మింగినప్పుడల్లా తనూ మింగుతున్నాడు.